పరమాణువంతా ఖాళీ అని నమ్మిన పిల్ల

కొత్తగా సైన్సు టీచర్లుగా చేరిన అమ్మాయిలు ఇద్దరు మొన్న ఖరిదా పేటలో మా ఇంటికి వచ్చి, "మీ అనుభవం ఏదైనా చెప్పండి మేడం" అని అడిగారు. టీ చల్లారేలోపు చెప్పగలిగినది ఏదీ తోచలేదు. రాసి ఇస్తానన్నాను. ఇదిగో, ఇదే.

ఈ ఖరగ్‌పూర్‌లోనే, బెంగాల్‌కు రైల్వే పనికి వచ్చిన తెలుగువాళ్ళ పిల్లల హైస్కూల్లో నేను వయసంతా సైన్సు చెప్పాను. ఏ ఏడాది ఏ గ్రేడు వచ్చింది, ఇన్‌స్పెక్షనుకు వచ్చినవాళ్ళు ఏమని మెచ్చుకున్నారు అన్నవి మీకు అక్కరకు రావు. అక్కరకు వచ్చేది భయం. దాని గురించి ట్రైనింగులో ఎవరూ చెప్పరు. నేనైతే మొదటి రోజు తరగతి గుమ్మం దగ్గరే ఆగిపోయాను. ఆఖరి రోజున కూడా కొంచెం ఆగాను. మధ్యలో ఒక రోజు అంతకంటే చాలా ఎక్కువ భయపడ్డాను. అది చెబుతాను.

మా హెడ్మాస్టరు గారు

ముందు మా హెడ్మాస్టరు జగన్నాథం గారి గురించి చెప్పాలి. చెప్పులు గదిలోనే వదిలేసి, వరండాలో చప్పుడు లేకుండా నడిచి, తలుపు పక్కన నిలబడి పాఠం వినేవారు. ఆయన ఉన్నారని గోడ మీద నీడను బట్టి తెలిసేది. ఆ నీడ కనబడగానే సుద్దముక్క దింపి పుస్తకం అందుకునేదాన్ని.

"నోట్సు చెప్పి రాయించండి మార్తమ్మా. రాసుకుంటున్నంతసేపు పిల్లలు నోరెత్తరు" అనేవారు.

ఆయన చెడ్డవారని నేననను. రైల్వే వర్క్‌షాపులో, యార్డులో పనిచేసేవాళ్ళ పిల్లల్ని పట్టుబట్టి స్కూల్ ఫైనలు పరీక్ష గట్టెక్కించారు. ఇళ్ళకు వెళ్ళి మరీ పిల్లల్ని బడికి లాక్కొచ్చిన రోజులున్నాయి. కానీ ఆయనకు అల్లరంటే భయం. ఆయన దృష్టిలో ప్రశ్న కూడా అల్లరే. ఇలాంటి పెద్దలు మీకూ తగులుతారు. వాళ్ళను ద్వేషించకండి, అలాగని వాళ్ళలా తయారు కాకండి.

శనగ గింజ

అరవైల మొదట్లో, ఒక చలికాలం. తొమ్మిదో తరగతికి పరమాణు నిర్మాణం చెప్పాలి. పుస్తకంలో ఒక వాక్యం ఉంది: పరమాణువులో అధికభాగం శూన్యం. పిల్లలు దాన్ని వల్లించేస్తారు, దాని అర్థం మాత్రం వాళ్ళను తాకదు. తాకాలని నేను మన ఊరిదే పోలిక ఒకటి తీసుకున్నాను.

"మన స్టేషను ప్లాట్‌ఫారం ఎంత పొడవో మీకు తెలుసు. ఈ చివర నిలబడితే ఆ చివర మనిషి కనబడడు. పరమాణువు అంత పెద్దదయిందనుకోండి. దాని నట్టనడుమ ఒక్క శనగ గింజ. అది కేంద్రకం. ప్రోటానులు, న్యూట్రానులు అన్నీ ఆ గింజలోనే ఇరుక్కుని ఉంటాయి. బరువంతా దాదాపు అక్కడే. ఎలక్ట్రానులు ఎక్కడో ప్లాట్‌ఫారం చివర్ల దాకా అంతస్తులు అంతస్తులుగా ఉంటాయి. వాటికి బరువు లేనట్టే లెక్క. మధ్యలో ఏముంది?"

"ఏమీ నేదు టీచర్" అని తరగతంతా ఒక్కసారి అరిచింది.

బోర్డు మీద కార్బన్ బొమ్మ వేశాను. నడుమ ఆరు ప్రోటానులు, ఆరు న్యూట్రానులు. లోపలి కక్ష్యలో రెండు ఎలక్ట్రానులు, బయటి కక్ష్యలో నాలుగు. తర్వాత ఇనుము చెప్పాను. ఇరవై ఆరు ప్రోటానులు, మామూలుగా ముప్పై న్యూట్రానులు, చుట్టూ ఇరవై ఆరు ఎలక్ట్రానులు.

వెనక బెంచీలో నరసమ్మ అనే అమ్మాయి లేచింది. వాళ్ళది నిమ్‌పురాలో రైల్వే క్వార్టరు. బడికి రావాలంటే యార్డు మీద కట్టిన ఇనుప కాలిబ్రిడ్జి, కర్ర పలకలది, దాటాలి. తల్లి లేదు. తండ్రి ఎర్రయ్య యార్డులో వ్యాగన్లు విడదీసి కలిపే షంటింగు మనిషి. ఆ పిల్ల అంతకుముందు తరగతిలో నోరు విప్పినట్టు నాకు గుర్తు లేదు.

"టీచర్, ఇనుము కూడా కాళీయేనా?"

"ఇనుమూ అంతే."

"కర్ర?"

"కర్ర, రాయి, నువ్వూ నేనూ, అన్నీ అంతే."

ఆమె కూర్చోలేదు. ఒకసారి కాళ్ళ కిందికి చూసుకుంది. ఇంతలో గోడ మీద నీడ పడింది. నేను తొందరగా నోట్సు చెప్పడం మొదలుపెట్టాను.

గ్రీజు మరక

తర్వాత కొద్ది రోజులకు నరసమ్మ ఆలస్యంగా రావడం మొదలైంది. పరికిణీ అంచుకు నల్లటి గ్రీజు. అరచేతులకు తుప్పు. అడిగితే తల వంచుకునేది. తరగతిలో కూర్చున్నా రెండు చేతులతో బెంచీ అంచును గట్టిగా పట్టుకుని ఉండేది. ఒళ్ళు బాగాలేదేమో అనుకున్నాను.

చివరికి ఆమె పక్కన కూర్చునే పిల్ల చెప్పింది. "అది బ్రిడ్జి ఎక్కడం నేదు టీచర్. యార్డులోంచి వొస్తంది. బళ్ళ సందుల్లోంచి దూరి వొస్తంది."

యార్డు అంటే తెలియనివాళ్ళకు ఒక మాట చెప్పాలి. అక్కడ ప్రమాదం ఇంజను కాదు. ఇంజను వస్తే చప్పుడు, పొగ, కూత ఉంటాయి, తప్పుకోవచ్చు. ప్రమాదం లూజు వ్యాగన్లది. ఇంజను వెనక నుంచి ఒక తోపు తోసి ఆగిపోతుంది. వ్యాగను విడిపోయి, తనంతట తానే దొర్లుకుంటూ తన లైన్లోకి పోతుంది. అంత ఇనుము మన వెనక నుంచి వస్తున్నా అడుగుల చప్పుడంత కూడా వినబడదు. పోయి పోయి ఆగి ఉన్న బళ్ళను గుద్దుకుంటుంది. అప్పుడు వరుస మొత్తం కదిలి, బళ్ళ చివర్ల ఉండే బఫర్లు, ఆ గుండ్రటి ఇనుప దిమ్మలు, ఒకదాన్నొకటి ఢీకొంటాయి. ఆ సందులో మనిషి ఉంటే ఇంక చెప్పేదేముంది. యార్డు కుటుంబాల్లో ఈ మాట ఎత్తరు. ఎత్తితే ఎవరో ఒకరి ఇల్లు గుర్తొస్తుంది.

మర్నాడు ఉదయం నేను బడికి వెళ్ళకుండా నేరుగా ఆ కాలిబ్రిడ్జి దగ్గరికి వెళ్ళాను.

యార్డులో

పలచగా మంచు ఉంది. బ్రిడ్జి మధ్య దాకా వెళ్ళి కిందికి చూశాను. పట్టాల వరుసలు, ఆగి ఉన్న వ్యాగన్లు, వాటి మధ్య పుస్తకాల సంచి గుండెకు హత్తుకుని నడుస్తున్న నరసమ్మ. పట్టాలు దాటే ముందు అటూ ఇటూ చూస్తోంది. జాగ్రత్తగానే ఉంది. ఆ జాగ్రత్త చూసి నాకు ఇంకా భయమేసింది. ఎందుకంటే పైనుంచి నాకు కనబడేది కింద ఆమెకు కనబడదు. ఆమె దాటబోయే వరుస వెనక, దూరంగా మంచులో, ఒంటరి వ్యాగను ఒకటి దొర్లుకుంటూ వస్తోంది.

"నరసమ్మా!" అని కేక వేశాను. ఎక్కడో ఇంజను ఆవిరి వదులుతోంది, నా కేక నాకే వినబడలేదు.

మెట్లు దిగి పరుగెత్తాను. చీర కుచ్చిళ్ళు చేత్తో పట్టుకుని, కంకర మీద తూలుతూ, పట్టాలు తన్నుకుంటూ పోయాను. కింద నుంచి చూస్తే అన్ని వరుసలూ ఒకేలా ఉన్నాయి. ఏ సందులో ఉందో తెలియలేదు. ఒక సందు, ఇంకో సందు వంగి వంగి చూశాను. అప్పుడు పరికిణీ అంచు కనబడింది. ఆమె రెండు వ్యాగన్ల మధ్య కొక్కెం కింద నుంచి వంగి దూరుతోంది. సంచి దేనికో తగులుకున్నట్టుంది. దాన్ని లాక్కుంటోంది.

ఎవరిదో గొంతు హిందీలో, బెంగాలీలో, తెలుగులో కలగాపులగంగా తప్పుకోమని అరుస్తోంది. "హటో! సరో! ఎవలది అక్కడ!" ఒక మనిషి ఆ దొర్లే వ్యాగను పక్కనే పరుగెత్తుతూ, దాని బ్రేకు కడ్డీ మీద కర్ర వేసి, ఒళ్ళంతా బరువుచేసి వేలాడుతున్నాడు. చక్రాలు కీచుమన్నాయి. వ్యాగను నెమ్మదించింది కానీ ఆగలేదు.

నేను నరసమ్మ మోచెయ్యి పట్టుకుని గుంజాను. ఇద్దరం కంకర మీద వెనక్కి పడ్డాం. అప్పుడే వరుస చివర ధన్ మని మోగింది. ఆ మోత ఒక్కో బండిలోంచి దాటుకుంటూ మా దాకా వచ్చింది. మా కళ్ళ ముందు రెండు బఫర్లు కలుసుకుని మళ్ళీ విడిపోయాయి. సంచి ఆ సందులోనే ఉండిపోయింది.

పరుగెత్తుకొచ్చిన మనిషి ఎర్రయ్య. ముందు నన్ను చూశాడు. తర్వాత కూతుర్ని చూశాడు. కొడతాడేమో అనుకున్నాను. కొట్టలేదు. పట్టా మీద కూలబడి, రెండు చేతులూ తల మీద పెట్టుకున్నాడు.

"ఏటే గుంటా... ఇక్కడేటి సేస్తన్నావే... ఎన్నిసార్లు సెప్పినానే..."

నరసమ్మ ఏడవలేదు. "బ్రిడ్జి కాళీ నాన్నా" అంది.

"ఏటి?"

"బ్రిడ్జి ఇనుము కాళీ. పలకలు కాళీ. ఏటీ నేదు లోపల. అంత ఎత్తున దాని మీద ఎలాగ నడుత్తాను? పడిపోతాను. టీచరే సెప్పినారు."

తండ్రీ కూతుళ్ళు ఇద్దరూ నా వైపు చూశారు.

అబద్ధం చెప్పమన్నారు

ఆ రోజే ఎర్రయ్య బడికి వచ్చాడు. హెడ్మాస్టరు గారి గదిలో కూర్చోమన్నా కూర్చోలేదు.

"మానిపించెస్తాను బాబూ. సదువు నేకపోతే నేదు. నాకు ఇదొక్కర్తే ఉంది."

జగన్నాథం గారు నా వైపు తిరిగి అన్నారు. "ఇందులో కష్టమేముంది మార్తమ్మా? ఆ పిల్లను పిలిచి, అదంతా పరీక్ష కోసం రాసుకునేదే, నిజం కాదు అని చెప్పెయ్యండి. రేపట్నుంచి బ్రిడ్జి ఎక్కుతుంది."

ఎర్రయ్య కూడా చేతులు జోడించాడు. "అబద్ధమని సెప్పీయండి టీచరమ్మగోరూ. మీ మాటంటే దానికి బగమంతుడి మాట. మీరు సెప్తే ఇంటది. బతుకుద్ది."

ఈ ఉద్యోగంలో నేను పడ్డ భయాలన్నిటిలో ఇది పెద్దది. యార్డులో భయం కాళ్ళలోకి వచ్చింది, పరుగెత్తించింది. ఇది వచ్చి గుండె మీద కూర్చుంది. అబద్ధం చెబితే పిల్ల బతుకుతుంది. నిజం చెప్పి, అది చాలకపోతే, రేపు ఇంకో వ్యాగను వస్తుంది. పైగా నిజం ఎంతవరకు ఉందో నాకే తెలియదు. పరమాణువు ఖాళీ అని చెప్పానే గానీ, మరి మనం నేల మీద ఎలా నిలబడుతున్నాం అని నన్ను నేనెప్పుడూ అడగలేదు. తరగతిలో మిగతా పిల్లలూ అడగలేదు. వాళ్ళు వాక్యాన్ని రాసుకున్నారు, ఇంటికి వెళ్ళి అన్నం తిన్నారు. ఈ పిల్ల ఒక్కర్తే నేను చెప్పింది నిజమని నమ్మింది.

"సాయంత్రం దాకా ఆగండి" అన్నాను.

మధ్యాహ్నం పాత కాలేజీ పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నాను. నాకు అర్థమైనంత అర్థమైంది. బడి వదిలాక నరసమ్మనూ, ఎర్రయ్యనూ సైన్సు గదిలోకి పిలిచాను. ఎర్రయ్య గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

నరసమ్మ నేను నోరు తెరిచేలోపే అడిగింది. "అబద్ధమా టీచర్?"

"కాదు" అన్నాను. వెనక ఎర్రయ్య గట్టిగా ఊపిరి వదలడం వినబడింది.

ఎబొనైట్ అనే గట్టి రబ్బరు కడ్డీని ఉన్ని గుడ్డతో రుద్ది దారానికి వేలాడదీశాను. ఇంకోదాన్ని రుద్ది నరసమ్మ చేతికిచ్చాను. (ఈ ప్రయోగం చలికాలంలోనే చెయ్యండి. మన ఊళ్ళో వానాకాలపు తేమకి ఏమీ కదలదు, పిల్లల ముందు నవ్వులపాలవుతారు.)

"దాని దగ్గరికి తీసుకెళ్ళు. ముట్టించకు."

ఆమె దగ్గరికి తీసుకెళ్ళింది. వేలాడే కడ్డీ పక్కకు తొలగింది. ఇంకా దగ్గరికి తీసుకెళ్ళింది. ఇంకా తొలగింది. గది చుట్టూ దాన్ని తరిమినట్టు తిప్పింది. ఎర్రయ్య మెల్లగా గుమ్మం దాటి లోపలికి వచ్చాడు.

"రెండిటి మధ్య ఏముంది?" అన్నాను.

"ఏటీ నేదు."

"మరి ఎందుకు పోతోంది?"

"తోసేస్తంది."

"రుద్దినప్పుడు రెండు కడ్డీల మీదికీ ఎలక్ట్రానులు ఎక్కాయి. ఎలక్ట్రానుకు ఎలక్ట్రాను పడదు. పరమాణువులో అన్నిటికంటే బయట ఉండేవి ఎలక్ట్రానులే కదా? నీ పాదం అడుగున ఉన్నవి అవే. బ్రిడ్జి పలక పైన ఉన్నవీ అవే. నువ్వు కాలు మోపితే అవి ఒకదాన్నొకటి రానివ్వవు. లోపల ఖాళీయే. కానీ ఆ ఖాళీలోకి ఎవరినీ రానివ్వవు."

ఇది పూర్తి సంగతి కాదు. ఎలక్ట్రానులు ఒకేచోట ఒకేలా ఇమడకూడదన్న నియమం ఇంకొకటి ఉంది, గట్టిదనానికి అసలు మూలం చాలావరకు అదే. అది నేను చాలా ఏళ్ళ తర్వాత తెలుసుకున్నాను. అయినా ఆ రోజు చెప్పింది అబద్ధం కాదు.

నరసమ్మ తన పాదాల కేసి చూసుకుంది. "అయితే నాను పలక మీద నిలబడ్నేదా? కొంచెం పైన తేలతన్నానా?"

"ఒక రకంగా అంతే."

"ఓలమ్మో, అది ఇంకా బయ్యం కదా టీచర్!"

ఎర్రయ్య తన అరచెయ్యి బల్ల మీద ఆనించి, ఎత్తి, మళ్ళీ ఆనించి చూసుకుంటున్నాడు. అతని ముఖంలో కూడా భయం కనిపించింది.

బ్రిడ్జి మీద

ఎండ వాలకముందే ముగ్గురం బ్రిడ్జి దగ్గరికి వెళ్ళాం. ఎర్రయ్య కిందే ఆగిపోయాడు. "మీరు ఎల్లండి. నాను సూడనేను" అని యార్డు వైపు తిరిగి నిలబడ్డాడు.

మెట్లు ఎక్కడానికే చాలాసేపు పట్టింది. ఒక్కో మెట్టు మీదా ముందు పాదం మోపి, నొక్కి చూసి, అప్పుడు రెండోది పెట్టేది. పైకి చేరాక పలకల సందుల్లోంచి పట్టాలు కనబడ్డాయి. ఆమె ఒక చేత్తో కమ్మీనీ, ఇంకో చేత్తో నా చేతినీ పట్టుకుంది. గోళ్ళు దిగబడ్డాయి.

"ఇప్పుడు మిమ్మల్ని కూడా ముట్టుకోనేదా టీచర్?"

"నా చెయ్యి తెలుస్తోందా?"

"తెలుస్తంది."

"ఆ తెలియడాన్నే ముట్టుకోవడం అంటాం. నా చెయ్యి నీ చేతిని తోస్తోంది, అది నీకు తెలుస్తోంది. పలక నీ పాదాన్ని తోస్తోంది, అదీ తెలుస్తోంది. తెలిసినంతసేపు పడవు."

సగం దూరం వెళ్ళామో లేదో, కింద నుంచి గూడ్సు ఒకటి వచ్చింది. బ్రిడ్జి అంతా అదిరింది. పొగ మమ్మల్ని కమ్మేసింది. ఏమీ కనబడలేదు. నిజం చెబుతున్నాను, ఆ క్షణంలో నేనూ కాళ్ళ కింద ఏమీ లేదనే అనుకున్నాను. ఇన్నేళ్ళు ఎక్కి దిగిన బ్రిడ్జి అది. ఇద్దరం కమ్మీని పట్టుకుని చతికిలబడ్డాం.

పొగ విడిపోయింది. ఇద్దరం అక్కడే ఉన్నాం. నరసమ్మ అరచేతితో పలకను గట్టిగా నొక్కి చూసింది. ఒకటికి రెండుసార్లు నొక్కింది.

"తోస్తంది టీచర్" అంది.

తనే ముందు లేచింది. నన్ను లేపింది. అవతలి మెట్ల దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి, వంగి కిందికి అరిచింది. "నాన్నా! ఇటు సూడు!"

ఎర్రయ్య తల తిప్పాడు. పైకి చూసి, మెడలోని తువ్వాలుతో ముఖం కప్పుకున్నాడు.

తర్వాత

భయం ఆ రోజుతో పోయిందని రాస్తే కథ బాగుంటుంది కానీ, పోలేదు. నరసమ్మ మళ్ళీ యార్డులో దిగలేదు. కానీ ఆ బ్రిడ్జిని కమ్మీ పట్టుకుని తప్ప దాటలేదు. స్కూల్ ఫైనలు పాసయింది. తర్వాత టెలిఫోన్ ఆపరేటరు ఉద్యోగం వచ్చి టాటానగర్ వెళ్ళిపోయింది. పెళ్ళయ్యాక ఒకసారి భర్తతో వచ్చింది. అప్పుడు కూడా కమ్మీ పట్టుకునే నడిచిందట. భర్త నవ్వుతూ చెప్పాడు. నాకు నవ్వు రాలేదు.

మీరు చెప్పేది నలభై మంది రాసుకుంటారు. ఒక్కరు నమ్ముతారు. ఆ ఒక్కరు ఎవరో మీకు ముందు తెలియదు. అందుకని పాఠం సగంలో వదిలి ఇంటికి పంపకండి. ఖాళీ అని చెప్పిన రోజే, మరి ఎందుకు పడిపోమో కూడా చెప్పి పంపండి. హెడ్మాస్టరు గారి నీడ గోడ మీద పడినా సరే.

బ్రిడ్జి దాటిన తర్వాతి వారం నేను మళ్ళీ అదే తరగతిలో కార్బన్ బొమ్మ వేస్తున్నాను. వెనక నుంచి బెంచీ జరిగిన చప్పుడు. నరసమ్మ లేచి నిలబడింది. ఈసారి చేతులు బెంచీని పట్టుకోలేదు.

"టీచర్, ఒకే రకం ఛార్జీ ఉంటే తోసుకుంటాయి అన్నారు కదా?"

"అవును."

"మరి మజ్జన ఆరు ప్రోటానులున్నాయి. అన్నీ ఒకే రకం. ఒకదాన్నొకటి ఎందుకు తోసేసుకోవు? ఆ న్యూట్రానులు ఏటి సేస్తన్నాయి అక్కడ?"

గోడ మీద నీడ ఉంది. నాకు తెలిసిన పుస్తకాల్లో దీనికి ఒక ముక్క ఉంది. ఏదో ఇంకొక బలం, చాలా దగ్గరగా ఉంటేనే పనిచేసేది, న్యూట్రానులు కూడా ఆ పట్టుకు తోడవుతాయని. అంతకు మించి నేనేమీ ఎరగను. ఆ ముక్క చెప్పి, తర్వాతి ప్రశ్న వస్తే ఏం చెయ్యాలో ఎరగను.

"నాకు పూర్తిగా తెలియదు నరసమ్మా" అన్నాను.

నీడ కదల్లేదు.

"పర్వానేదు టీచర్" అంది నరసమ్మ. "ఇంతవరకూ ఇడిపోనేదు కదా. మెల్లిగా సూసి సెప్పండి."